యంత్రఘోషలో ఒంటరి గొంతు

పారిశ్రామిక సంగీతం అన్న మాట వినగానే మిల్లు కార్మికులు పని అలసట తీరడానికి పాడుకొనే పాటలేమోనని అనిపించడం సహజం. విషయం అది కాదు. 1976లో లండన్‌లో థ్రాబింగ్ గ్రిజిల్ అనే బృందం నెలకొల్పిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ సంస్థ పేరే క్రమంగా ఈ సంగీతానికి పేరైంది. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో పుట్టిన మరొక బృందమైతే ఇనుప తుక్కును, తొలిచే యంత్రాలను వేదిక మీదికే తెచ్చి వాయించింది. చెవికి ఇంపుగా ఉండాలన్న నియమాన్ని వీరు కోరి వదలుకున్నారు.

ఈ కర్కశ ధ్వనులను సామాన్య శ్రోత పాడుకోగల పాటగా మలచినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన ట్రెంట్ రెజ్నర్. 1965లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించాడు. తల్లిదండ్రులు విడిపోగా మెర్సర్ అనే చిన్న ఊరిలో అమ్మమ్మ, తాతయ్యల వద్ద పెరిగి, బాల్యంలోనే పియానో నేర్చాడు. ఆ ఊరికి చేరువలోనే ఉన్న యంగ్స్‌టౌన్‌లో 1977 సెప్టెంబరులో ఒక పెద్ద ఉక్కు కర్మాగారం మూతపడనున్నదని ప్రకటించగా వేలాది కుటుంబాల జీవనాధారం పోయింది. అతని సంగీతానికి అదే కారణమని చెప్పలేము గాని, అతడు పెరిగిన ప్రాంతం అటువంటిది.

కంప్యూటర్ ఇంజనీరింగు చదువును ఏడాదికే విడిచి క్లీవ్‌ల్యాండ్ చేరిన రెజ్నర్ ఒక రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. ఎవరూ వాడుకోని రాత్రివేళల్లో తన పాటలు ముద్రించుకొనేందుకు యజమాని అనుమతించాడు. తోడు వాద్యగాళ్లు దొరకకపోవడంతో దాదాపు అన్నీ తానే వాయించాడు. అందుకు అక్కరకు వచ్చిన సాధనం శాంప్లర్. ఏ శబ్దాన్నైనా, అది తలుపు మూసిన చప్పుడైనా సరే, ఒకసారి దానిలో బంధిస్తే ఆపై మీటల మీద కావలసిన స్వరస్థాయిలో పలికించవచ్చు. ఒక్క మనిషి వాద్యబృందమంతా కాగలిగింది దీనివల్లనే.

అలా తయారైన నమూనాలే మార్పులు చెంది 1989 అక్టోబరులో ‘ప్రెట్టీ హేట్ మెషీన్’ అనే పది పాటల ఆల్బంగా వెలువడ్డాయి. బృందం పేరు నైన్ ఇంచ్ నెయిల్స్. బృందమన్న మాటే గాని అప్పట్లో లోపల ఉన్నది ఒక్కడే! ధనాన్నే దైవంగా కొలిచే తీరును ‘హెడ్ లైక్ ఎ హోల్’ పాట నిలదీస్తుంది. అమ్మకాల పట్టికలో ఈ ఆల్బం 75వ స్థానాన్ని మించలేదు. అయినా రెండేళ్లకు పైగా పట్టిక విడువక, 1992 నాటికి ఐదు లక్షల ప్రతుల గుర్తింపు పొందింది.

ఒక వింత కూడా చెప్పాలి. ‘డౌన్ ఇన్ ఇట్’ పాట చిత్రీకరణలో బెలూన్లకు కట్టిన కెమెరా ఎగిరిపోయి మిచిగన్‌లో ఒక రైతు పొలంలో పడింది. నేలపై శవంలా నటించిన రెజ్నర్‌ను అందులో చూసి, నిజంగా హత్య జరిగిందేమోనని ఎఫ్‌బీఐ దర్యాప్తు చేసింది.

విజయం వెంట వివాదమూ వచ్చింది. తన పనిలో రికార్డు సంస్థ జోక్యాన్ని సహించలేక తదుపరి పాటలను అతడు మారుపేర్లతో రహస్యంగా ముద్రించవలసి వచ్చింది. 1992లో వేరొక సంస్థ నీడకు చేరాకే ఆ చెర వీడింది. చేతిలో చిల్లిగవ్వ లేనినాడు చేసిన సంతకం ఎంత దూరం వెంటాడుతుందో అతడికి బాగా తెలిసివచ్చింది.

ఇంట్లో పిల్లలు ఇటువంటివి వింటుంటే విసుక్కొనే పెద్దలు ‘సమ్‌థింగ్ ఐ కెన్ నెవర్ హేవ్’ అన్న పాట ఒక్కటి విని చూడవచ్చు. అందులో యంత్రాల హోరు వెనక్కు తగ్గి, పియానో నెమ్మదిగా పలుకుతుంది. మిగిలినవాటిలో కొన్ని మాటలు మరీ పసివారికి తగవు.