షిల్లింగు కుందేలు

బీట్రిక్స్ పాటర్‌కూ హ్యారీ పాటర్‌కూ ఏ చుట్టరికమూ లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం. ఈవిడ 1866లో లండన్‌లో పుట్టింది. కుందేళ్లూ బాతులూ ఎలుకలూ కోట్లు తొడుక్కుని తిరిగే 23 బుల్లి పుస్తకాలు రాసింది, బొమ్మలూ తానే వేసింది. వాటిలో మొదటిదైన ‘ద టేల్ ఆఫ్ పీటర్ రాబిట్’ నూట ఇరవై ఏళ్లు దాటినా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. వాటి సాహిత్య విలువ సంగతి విమర్శకులు చూసుకుంటారు. పచ్చళ్లో, చీరలో, చేతిబొమ్మలో అమ్ముకుని బతికేవాళ్లు ఆవిడ దగ్గర చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, ఆవిడ ధర కట్టిన తీరు. రెండోది, లెక్క అడిగిన తీరు. మొదటిదాంట్లో దిట్ట. రెండోదాంట్లో గట్టి దెబ్బే తింది.

ధర ముందు, సరుకు తర్వాత

పీటర్ కథ అమ్మకానికి పుట్టలేదు. పాటర్‌కు చదువు చెప్పిన టీచరమ్మ ఆనీ మూర్. ఆవిడ కొడుకు, అయిదేళ్ల నోయెల్, జబ్బుపడి మంచంలో ఉన్నాడు. 1893 సెప్టెంబరులో వాడికి ఉత్తరం రాయబోతే పాటర్‌కు కబుర్లేవీ తోచలేదు. అందుకని నాలుగు కుందేలు పిల్లల కథను బొమ్మలతో సహా రాసి పంపింది. పిల్లవాడు ఆ ఉత్తరం దాచుకున్నాడు. ఏడేళ్ల తర్వాత దాన్ని అరువడిగి తెచ్చుకుని, కథ పెంచి, పుస్తకంగా తయారుచేసింది.

కనీసం ఆరుగురు ప్రచురణకర్తలు వద్దన్నారు. అచ్చయ్యే పుస్తకం ఎలా ఉండాలన్న దగ్గరే బేరం బెడిసింది. పెద్ద సైజులో, ఎక్కువ ధరకు అమ్ముకునే పుస్తకం కావాలన్న వాళ్లున్నారు. ఆవిడేమో పుస్తకం చంటిపిల్లల చేతిలో ఇమడాలంది, ధర షిల్లింగు దాటకూడదంది. ఆరు షిల్లింగులు పోసి కొనే స్తోమత బుల్లి కుందేళ్లకు ఉండదని ఒక ఉత్తరంలో చమత్కరించింది కూడా.

మనలో చాలామంది సరుకు తయారుచేసి, అయిన ఖర్చంతా కూడి, దానిమీద లాభం వేసి రేటు చెబుతాం. పాటర్ ఎదురు దిశలో నడిచింది. కొనేవాళ్లు ఎంత పెట్టగలరో ముందు తేల్చుకుని, ఆ డబ్బుకు సరిపోయేలా సరుకును మలిచింది. పేజీకి నాలుగు ముక్కలు, ఎదురుగా ఒక బొమ్మ. రంగుల అచ్చుకు ఖర్చెక్కువ కాబట్టి లోపలి బొమ్మలన్నీ నలుపు తెలుపు. పైగా కుందేళ్ల గోధుమరంగు, ఆకుల పచ్చ తప్ప అందులో రంగులేముంటాయని కూడా వాదించింది.

ఎవరూ వెయ్యకపోతే 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చేయించింది. బంధువులకు, స్నేహితులకు పంచింది, అమ్మింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ కూడా తన పిల్లల కోసం ఒకటి కొన్నాడు. అవి అయిపోతే రెండు నెలలకు మరో 200 వేయించింది.

దీన్ని సాహసం అనుకోనక్కర్లేదు. ఆవిడది కలిగిన కుటుంబం. ఆ 250 కాపీలూ అటక మీద పడి ఉన్నా పూట గడవడానికి లోటు లేదు. నగలు తాకట్టు పెట్టి వ్యాపారంలో దిగేవాళ్లు ఆవిడ ధైర్యాన్ని కాకుండా 250 అన్న అంకెను చూడాలి. పోయినా తట్టుకోగలిగినంతే వేసింది, అమ్ముడయ్యాకే మళ్లీ వేసింది.

ఈలోగా, అంతకుముందు వద్దన్న ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ మనసు మార్చుకుంది. ఒకటే షరతు: బొమ్మలన్నీ రంగుల్లో ఉండాలి. అక్కడ పాటర్ పట్టు సడలించింది. షిల్లింగును మాత్రం వదల్లేదు. ధర పెరగకుండా ఉండేందుకు కొన్ని బొమ్మలనే తీసేశారు. 1902 అక్టోబరులో పుస్తకం వచ్చింది. మొదటి విడత 8,000 కాపీలు విడుదలకు ముందే బుక్కయిపోయాయి. నిజానికి రంగుల విషయంలో కంపెనీ మాటే సరైంది. ఇవాళ నలుపు తెలుపు పీటర్‌ను ఎవరూ ఊహించుకోలేరు. దేనిమీద పట్టుబట్టాలో, దేన్ని వదలాలో ఆవిడకు తెలుసు. దుకాణం నడిపేవాళ్లకు అందులో సగం తెలిసినా చాలు.

బ్రష్షు వెంట్రుకల మీసాలు

పుస్తకం ఆడగానే బజార్లో కుందేలు బొమ్మలు పుట్టుకొస్తాయని ఆవిడ పసిగట్టింది. ఇంట్లో కూర్చుని గుడ్డ కత్తిరించి, పీటర్ బొమ్మను స్వయంగా కుట్టింది. మీసాలకు బ్రష్షులోంచి వెంట్రుకలు పీకి పెట్టింది. ముఖంలో కళ బాగా వస్తోందని, మీసాలైతే మరీనని సంబరంగా ఉత్తరం రాసింది. 1903 డిసెంబరులోనే ఆ బొమ్మను లండన్‌లోని పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించింది. తర్వాత పీటర్ పేరుతో పిల్లలాట, గోడకాగితం, టీ సెట్లు వచ్చాయి. ఒక పుస్తకంలోని పాత్ర బొమ్మగా హక్కులతో నమోదై బజారుకెక్కడంలో పీటర్‌దే మొదటి వరుస.

ఇంత జాగ్రత్తపడ్డ మనిషికే ఒక చోట చిల్లు పడింది. అమెరికాలో పీటర్ పుస్తకానికి కాపీరైట్ నమోదు చేయించడం ప్రచురణకర్తలు మరిచారు. దాంతో అక్కడ దొంగ ముద్రణలు మొదలయ్యాయి. వాటిమీద పాటర్‌కు ఒక్క పెన్నీ ముట్టలేదు. మన దగ్గర పచ్చడి సీసా మీద వేసుకున్న పేరును పక్కవీధివాడు ఎత్తుకుపోయాక లబోదిబోమనేవాళ్లు ఎందరో! వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. దుకాణం ప్రారంభోత్సవానికి షామియానాకే అంతకన్నా ఎక్కువ పోస్తాం.

మనవాళ్లే కదా అనుకుంటే

వార్న్ కంపెనీని నడిపింది అన్నదమ్ములు. పాటర్ పుస్తకాలు చూసుకునేది వాళ్లలో చిన్నవాడైన నార్మన్. 1905 వేసవిలో పెళ్లి చేసుకుందామని అడిగాడు, ఆవిడ ఒప్పుకుంది. వ్యాపారస్తుల ఇంటి సంబంధమని ఆవిడ తల్లిదండ్రులు ముఖం చిట్లించారు. నెల తిరగ్గానే నార్మన్ రక్త జబ్బుతో పోయాడు. తర్వాత పాటర్ లెక్కలు అతని అన్న హెరాల్డ్ చేతికి వెళ్లాయి.

రాయల్టీ లెక్కలు ఆలస్యంగా వచ్చేవి, కొన్నిసార్లు రానేరావు. ఆవిడ ఉత్తరాలు రాసింది, విసుక్కుంది. కానీ కోర్టు మెట్లెక్కలేదు, పుస్తకాలు వేరేవాళ్లకూ ఇవ్వలేదు. నార్మన్ ఇంటివాళ్లన్న మొహమాటం అడ్డుపడిందనే నా అనుమానం. 1917లో హెరాల్డ్ ఫోర్జరీ కేసులో అరెస్టయ్యాడు. కుటుంబానికే చెందిన చేపల వ్యాపారం నష్టాల్లో ఉంటే, దాన్ని నిలబెట్టడానికి దొంగ హుండీలు సృష్టించాడు. 18 నెలల కఠిన శిక్ష పడింది. కంపెనీ దివాలా అంచుకొచ్చింది. అది బాకీపడ్డవాళ్లలో పాటర్‌దే పెద్ద పద్దు.

ఆవిడ అప్పుడు చేసిన పని మాత్రం పక్కా వ్యాపారి చేసేదే. కంపెనీ మునిగితే తన పుస్తకాలూ, రావాల్సిన సొమ్మూ మునుగుతాయి. అందుకని పాత బొమ్మలు పోగేసి ఆ ఏడాదే ఒక చిన్న గేయాల పుస్తకం, రంగులద్దుకునే పుస్తకం ఇచ్చింది. ఈసారి లెక్కల మీద కన్నేసి ఉంచింది. కంపెనీ గట్టెక్కింది.

పుస్తకాల డబ్బు మాత్రం అంతకుముందు నుంచే భూమిలోకి వెళ్తోంది. 1905లోనే ఇంగ్లండు ఉత్తరాన ఉన్న సరస్సుల సీమలో హిల్ టాప్ పొలం కొంది. అక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెలు పెంచి పోటీల్లో బహుమతులు కొట్టింది. 1943లో కన్నుమూసేనాటికి 4,000 ఎకరాలకు పైగా నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థకు రాసిచ్చింది.

బాకీ రాబట్టుకునే విషయంలో ఆవిడకు లేని ఒక వసతి మనకుంది. చిన్న సంస్థల నమోదు పోర్టల్ ‘ఉద్యమ్’లో నమోదైన చిన్న తయారీదారులకూ, సేవలందించే సంస్థలకూ కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే నెలనెలా చక్రవడ్డీ పడుతుంది, అదీ బ్యాంకు రేటుకు మూడింతలు. కట్టకపోతే ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. కొనుక్కొచ్చి అమ్మే వర్తకులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. మీరు తయారీదారులైతే ఈ ఆదివారం ఖాతా పుస్తకం తెరిచి, 45 రోజులు దాటిన పద్దులన్నీ ఒక కాగితం మీద రాయండి. బావమరిది పేరున్నా సరే, వదిలెయ్యకండి.