నా క్రాపు ఒరిజినలే... కాకపోతే వెనకనుంచి ముందుకొచ్చింది!

సినిమాహాలు ముందు క్యూలో నిలబడ్డప్పుడు మీరూ వినే ఉంటారు. "మనోడి క్రాపు ఒరిజినలేనంటావా?" అని ఒకడు మొదలుపెడతాడు. "విగ్గురా బాబూ, చెవి పక్కన చూడు, తెలిసిపోతుంది" అని ఇంకొకడు. ఇక గేటు తీసేదాకా అదే చర్చ! హీరోగారి నటన గురించి కూడా అంత పట్టుదలగా వాదించుకోం మనం.

హీరోల సంగతి వాళ్లకే వదిలేసి, ఈ వారం నా నెత్తి సంగతి చెబుతాను. నా క్రాపు నూటికి నూరుపాళ్లూ ఒరిజినలే. కాకపోతే మొన్నమొన్నటిదాకా మెడ పైన ఉన్న జుట్టు ఇప్పుడు నుదుటి పైన ఉంది. అంతే తేడా!

ముప్ఫై దాటగానే నా నుదురు విశాలం కావడం మొదలైంది. "విశాలమైన నుదురు అదృష్టంరా" అంది అమ్మ. ఆ అదృష్టం రోజురోజుకీ వెనక్కి జరిగి నడినెత్తికి చేరింది. రెండు పెళ్లిసంబంధాలు "అబ్బాయి ఫొటోలో ఉన్నట్టు లేడు" అని వెళ్లిపోయాయి.

నిజానికి మన సినిమాల్లో జుట్టుకీ వయసుకీ పొత్తు ఎప్పుడు కుదిరింది గనక! తెనాలి దగ్గర రావికంపాడులో పుట్టిన గుమ్మడిగారు, తనకంటే పెద్దవాడైన అక్కినేనికి 'అర్ధాంగి' (1955)లో తండ్రిగా నటించి మెప్పించారు. తెరమీద వయసు మేకప్పు పెట్టెలో ఉంటుంది. బట్టతల కుర్రాడి బాధ మీద కన్నడంలో 'ఒందు మొట్టెయ కథె' (2017), హిందీలో 'బాలా' (2019), తెలుగులో అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు' (2021) వచ్చాయి. ఇలాంటి కథలు చూసి చప్పట్లు కొట్టినవాణ్ణి నేను. బయటికొచ్చి బండి అద్దంలో నుదురు చూసుకున్నవాణ్ణీ నేనే!

పండక్కి పది రోజుల ముందు...

2024 జనవరి 4న ఆపరేషన్ చేయించుకున్నాను. ఊరి పేరూ, ఆస్పత్రి పేరూ వద్దు. రెండువేల రెండువందల గ్రాఫ్టులు, లక్షా పదివేల రూపాయలు. ఇంట్లో మాత్రం "హైదరాబాదులో షూటింగు కవరేజీకి వెళుతున్నా" అని చెప్పాను.

ఇది కొత్త విద్యేమీ కాదు. జపాన్‌లో ఒకుడా అనే డాక్టరు 1939లోనే జుట్టు నాటడం గురించి రాశాడు. న్యూయార్కులో ఓరెంట్రీచ్ అనే డాక్టరు 1952లో బట్టతల మగవాళ్ల మీద మొదలుపెట్టాడు. సూత్రం సులువే. తల వెనక భాగంలో జుట్టు మొండిది. ముందు జుట్టును రాల్చే హార్మోను దాన్ని ఏమీ చేయలేదు. అక్కణ్ణుంచి వేరుతో సహా తీసి ముందు నాటితే, అక్కడా తన మొండితనం వదలదు. మన వరినాట్ల లాంటిదే. నారుమడి వెనక, పొలం ముందు!

నా తప్పు ఎక్కడంటే, సంక్రాంతికి నాటిన పంట మాఘమాసం పెళ్లిచూపులకి కోతకొస్తుందనుకోవడం. "ఎన్నాళ్లకి వస్తుందండీ?" అని అడిగితే ఆస్పత్రి కౌంటరులో కుర్రాడు "త్వరగానే సార్" అన్నాడు. త్వరగా అంటే ఎంత త్వరగానో నేనూ అడగలేదు.

మూడోరోజు రాక్షసుడి మేకప్పు

గుంటూరు బ్రాడీపేటలో మిత్రుడి గదిలో దిగాను. వాడు మిర్చియార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా. మొదటి రెండు రోజులూ బాగానే ఉంది. మూడోరోజు పొద్దున్నే లేచి అద్దంలో చూసుకుంటే, నుదురు ఉబ్బి కళ్ల మీదికి దిగింది! "ఏందిరా, ఘటోత్కచుడి వేషం కట్టావా?" అన్నాడు మిత్రుడు.

నాకు చెమటలు పట్టాయి. డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. తలలోకి ఎక్కించిన మందునీరు కిందికి దిగుతుందట. రెండోరోజుకీ నాలుగోరోజుకీ మధ్య ఇది మామూలే, వారంలో పోతుంది. రెండుమూడు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి, వెల్లకిలా పడుకోవాలి. ఐసు పెట్టుకుంటే నుదుటి మీదే, నాటిన చోట కాదు.

తర్వాత దురద మొదలైంది. నాటిన ప్రతి వేరు చుట్టూ ఒక చిన్న పక్కు కట్టింది. గోకాలనిపిస్తుంది, గోకకూడదు! ఆ పక్కును గోటితో లాగితే దాంతోపాటు వేరూ వచ్చేస్తుంది. డాక్టరు చెప్పిన రోజునుంచి మెత్తటి షాంపూ నురగ అద్ది, చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోసుకోవాలి. షవరు కింద నిలబడకూడదు. సుమారు పది రోజులకి వేరు గట్టిపడుతుంది. రెండు వారాల లోపల పక్కులు వాటంతటవే రాలిపోతాయి. తల వెనక మొద్దుబారినట్టు ఉంటే కంగారుపడొద్దు. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పట్టినా స్పర్శ తిరిగొస్తుంది.

మా ప్రాంతం వాళ్లకి ఇంకో చిక్కుంది. జనవరి వస్తే మిర్చి ఘాటు గాలిలోనే ఉంటుంది. మిత్రుడి చొక్కాకి అంటుకొచ్చిన ఘాటుకే నాకు తుమ్ములు. యార్డు వైపు పోవద్దనీ, ఎండలో తిరగొద్దనీ, నెలరోజులు చెమటపట్టే పని పెట్టుకోవద్దనీ, సిగరెట్టూ మందూ ముట్టొద్దనీ ఆజ్ఞ. హెల్మెట్టు రెండు వారాల దాకా వద్దన్నారు. హెల్మెట్టు లేకుండా బండి నడపకూడదు కాబట్టి, బండే వద్దని అర్థం!

జనవరి 12న 'గుంటూరు కారం' విడుదలైంది. గుంటూర్లోనే ఉన్నాను, మహేష్‌బాబు సినిమా, నేనేమో సినిమా విలేకరిని. అయినా మొదటి ఆటకు వెళ్లలేదు. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యి తగిలినా నా నారుమడి గల్లంతే కదా!

భోగినాడు తలంటు

పండక్కి ఇంటికి వెళ్లక తప్పదు. మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. వదులుగా ఉన్న టోపీ పెట్టుకుని దిగాను. భోగినాటికి సరిగ్గా పదోరోజు. తెల్లారుజామునే అమ్మ నువ్వులనూనె గిన్నె, కుంకుడురసం సిద్ధం చేసి కేకేసింది.

"ఏరా, టోపీ తీసి ఇట్టా కూర్చో."

"వద్దమ్మా, జలుబు చేసింది."

"భోగినాడు తలంటుకోకపోతే ఎట్టారా?" అంటూ టోపీ తీసేసింది. కత్తిరించిన తల, ఎర్రటి పక్కులు. నూనె గిన్నె పక్కన పెట్టేసింది.

"గుండు ఎక్కడ కొట్టించుకున్నావురా? నేను మొక్కింది తిరపతికైతే!"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. నా పెళ్లి కుదిరితే నా తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ ఏడుకొండలవాడికి మొక్కుకుందట. నేను లక్ష పోసి నాటించుకున్న జుట్టు మీద, నాకంటే ముందే స్వామికి హక్కు రాసిచ్చేసింది!

ఇక దాచలేకపోయాను, అంతా చెప్పేశాను. నాన్న అరుగు మీద కూర్చుని లెక్కకట్టాడు. "క్వింటాలు ఇరవై వేలేసుకున్నా అయిదున్నర క్వింటాళ్ల మిరపకాయలు నెత్తిమీద పెట్టుకొచ్చావన్నమాట!" అన్నాడు. ఆ మాటకి నవ్వొచ్చింది. అమ్మ మాటకి మాత్రం నవ్వు రాలేదు.

"డబ్బు పోతే పోయింది. నీకు పుట్టినప్పట్నుంచీ నేను కడిగిన తలరా అది. కత్తి పెట్టించుకుంటా నాకు మాటమాత్రం చెప్పలేదు. ఏమన్నా అయితే నాకెవరు చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి తనే అడిగింది, ఎట్టా కడగాలని. చెప్పాను. కుంకుడురసం పక్కకి జరిపి, షాంపూ నురగ చేత్తో అద్ది, చెంబుతో సన్నటి ధారగా నీళ్లు పోసింది. నా తలని ఆస్పత్రిలో కూడా ఎవరూ అంత జాగ్రత్తగా కడగలేదు.

స్వామి తీసుకుంటున్నాడా?

మూడోవారం అసలు దెబ్బ తగిలింది. దిండు నిండా వెంట్రుకలు! నాటినవే. చేత్తో తడిమితే చాలు ఊడి వస్తున్నాయి. అమ్మ చూసి దణ్ణం పెట్టుకుంది. "మొక్కు వాయిదా వేశాం కదరా. స్వామి తనే తీసుకుంటున్నాడు" అంది.

నేనూ దాదాపు నమ్మేశాను! ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేశాను. "రాలేది పై వెంట్రుకే, వేరు లోపలే ఉంది. చోటు మారిన అదురుకి రెండోవారం నుంచి ఆరోవారం దాకా చాలామందికి ఇట్లా రాలుతుంది. మూడు నాలుగు నెలలకి కొత్తది మొలుస్తుంది. సగం అందం ఆరేడు నెలలకి, పూర్తి ఫలితం ఏడాదికి. నడినెత్తి అయితే ఇంకా ఆలస్యం" అన్నాడు. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మొక్కు గురించీ అడిగాను. "ఇప్పుడు మాత్రం కత్తి తగలనివ్వొద్దు. ఏడాది దాటాక నిక్షేపంగా ఇచ్చుకోండి. కత్తి తిరిగేది చర్మం పైన, వేరుండేది లోపల. మళ్లీ వస్తుంది" అన్నాడు. ఆ ముక్క స్పీకరులో అమ్మకి వినిపించాను. "ఏడాదేగా, స్వామి ఆగుతాళ్లే" అంది.

మార్చిలో పెళ్లిచూపులు వచ్చాయి, అద్దంకి వైపు సంబంధం. ఏ పెళ్లిచూపుల కోసం ఇదంతా చేయించుకున్నానో, ఆ పెళ్లిచూపులకి ముందుకంటే బోడిగా వెళ్లాను. పైగా నెత్తిమీద రెండు మొటిమలు! కొత్త వెంట్రుక పొడుచుకొచ్చేటప్పుడు ఇలాంటివి వస్తాయి, అవే పోతాయి. అమ్మాయితో విడిగా మాట్లాడమంటే మొట్టమొదట ఆపరేషన్ సంగతే చెప్పాను. ఆమె తేరిపార చూసి, "మా నాన్నగారికీ బట్టతలేనండీ. మా అమ్మ ఏనాడూ కంప్లైంటు చెయ్యలేదు" అంది. సంబంధం కుదిరింది. జుట్టు రాకముందే!

నవ్వులాట కాని సంగతులు

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇకమీదట చెప్పేది నవ్వుకునేది కాదు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఈ ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. 2025లో కాన్పూరులో ఇంజనీర్లు ఇద్దరు ఇలాగే పోయిన సంగతి బయటపడి, చేసిన దంతవైద్యురాలి మీద కేసు పెట్టారు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది: ఇది శస్త్రచికిత్సలో పద్ధతిగా శిక్షణ పొందిన డాక్టర్లు చేయాల్సిన పని, యూట్యూబులోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకున్నది చాలదు. అందుకని గది రంగులు చూసి మురిసిపోకండి. చేసేది ఎవరు? ఆయన చదివింది చర్మవైద్యమా, ప్లాస్టిక్ సర్జరీయా? ఒంట్లో తేడా చేస్తే చూసే ఏర్పాటు ఉందా? ఈ మూడూ అడగండి.

ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, మూడోరోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరిగినా, చర్మం నల్లబడుతున్నా, పావుగంట అదిమిపట్టినా రక్తం ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయాసం వచ్చినా, ఒంటినిండా దద్దుర్లు లేచినా అర్ధరాత్రయినా సరే, ఏది దగ్గరైతే ఆ పెద్దాస్పత్రికి పరుగెత్తండి. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని ఊరుకోకండి. దాచుకుని ఆపరేషన్ చేయించుకున్నవాడికి అదే పెద్ద ప్రమాదం. రాత్రి ఒంటరిగా గదిలో ఒళ్లు కాలిపోతుంటే ఎవరికి చెబుతాడు?

మాత్రల సంగతి కూడా. నాటిన జుట్టు నిలుస్తుంది గానీ పక్కనున్న పాత జుట్టు రాలుతూనే ఉంటుంది. దానికి ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ లాంటివి రాస్తారు. ఫినాస్టరైడ్ వాడే కొద్దిమందిలో కోరిక తగ్గడం, దిగులుగా ఉండటం కనిపిస్తాయి. అలా అనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. గర్భిణులు ఆ మాత్ర ముక్కల్నీ పొడినీ ముట్టుకోకూడదు.

కల్యాణకట్టలో...

2024 శ్రావణంలో పెళ్లయింది. అప్పటికి ఫొటోగ్రాఫరు "సార్, కొంచెం క్రాపు సర్దుకోండి" అనేంత జుట్టు వచ్చింది. ఆ మాట రెండుసార్లు అనిపించుకున్నాను!

2025 ఫిబ్రవరిలో తిరుమల వెళ్లాం. మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించిన నెల అది. "ఇప్పటి లెక్కన నీ నెత్తిమీద తొమ్మిది క్వింటాళ్లు దాటినయ్‌రా" అన్నాడు నాన్న కొండ ఎక్కుతూ. కల్యాణకట్టలో కూర్చున్నాను. కత్తి ఆడుతుంటే నా లక్షా పదివేలు ఒళ్లో రాలింది. తల వెనక సన్నటి తెల్లచుక్కలు బయటపడ్డాయి. వేళ్లు తీసిన గుర్తులు అవి, జుట్టుంటే కనపడవు. మా ఆవిడ వాటిని వేలితో తడిమి "నారుమడి ఇదేనా?" అంది.

అమ్మ కూడా పక్కనే కూర్చుని మూడు కత్తెరలు ఇచ్చింది. "నీ మొక్కు కాదు కదమ్మా ఇది?" అన్నాను.

"ఏడాది ఆగినందుకు వడ్డీరా" అంది.

డాక్టరు చెప్పినట్టే జుట్టు మళ్లీ వచ్చింది. మీలో ఎవరైనా ఈ పనికి సిద్ధపడుతుంటే నేను చెప్పేది ఒక్కటే. మంచి డాక్టరుని చూసుకోండి, ఏడాది ఓపిక పట్టండి. వెళ్లేముందు అమ్మకి చెప్పండి. ఎందుకంటే మీ తల మీద ఆవిడ మొక్కు ఏముందో మీకు తెలియదు!