గోడకెక్కిన చేట

చేట లేని తెలుగిల్లు ఒకప్పుడు ఎక్కడైనా ఉండేదా? బియ్యం చెరగడానికి చేట, పెసలు బాగుచేయడానికి చేట, పురిట్లో పసిబిడ్డను పడుకోబెట్టడానికి చేట. నోముకు వాయనం ఇవ్వాలంటే ఒకదానిపై ఒకటి బోర్లించిన జంట చేటలు. ఇప్పుడేమో బియ్యం రాళ్ళు లేకుండా సంచీలో వస్తున్నాయి, పప్పు ప్యాకెట్లో వస్తోంది. చేట అటకెక్కింది. అక్కడ ఎలకలకు తప్ప ఎవరికీ పనికిరావడం లేదు.

ఆ అటక మీది చేటనే దింపి గోడకెక్కిద్దామంటాను నేను. ఇంటి అలంకరణ అనగానే మనకు షోకేసులో ప్లాస్టిక్ పూలగుత్తులూ, పండగొస్తే థర్మోకోల్ మంటపాలూ గుర్తొస్తాయి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, ఆ సంగతి ఎంతమందికి తెలుసు? వినాయక చవితికి మా వీధి కొట్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు. నిషేధం మాట అలా ఉంచండి, ఆ తెల్లటి అట్టముక్క మీద మన చేతి గుర్తు ఏముంటుంది?

మాది నేలకొండపల్లి. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా భక్త రామదాసు పుట్టిన ఊరు కదా అంటారు. కంచర్ల గోపన్న ఇక్కడివాడే. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు వెళ్ళిన కథ అందరికీ తెలిసిందే. ఇక్కడి బౌద్ధ స్తూపం చూడటానికీ జనం వస్తుంటారు. మాది మైదానం, వరి, మిరప పండే నేల. గోదావరి వైపు వెళ్తేగానీ అడవి రాదు. కానీ ఆ అడవి మా ఇళ్ళలోకి ఎప్పుడూ వస్తూనే ఉండేది, వెదురు రూపంలో. చేట, జల్లెడ, గంప, తట్ట, సిబ్బి, పూలసజ్జ, విసనకర్ర, కోళ్ళ గంప, తడిక... లెక్కపెట్టి చూడండి, మన అమ్మమ్మల ఇళ్ళలో సగం సామాను మేదరివాళ్ళ చేతిలోంచి వచ్చిందే.

నేను చేటను గోడకు తగిలించబోతే మా అత్తయ్య ఒప్పుకోలేదు. "చేటా చీపురూ వచ్చేవాళ్ళకు ఎదురుగా కనబడకూడదే పిల్లా" అన్నారు. "మరి చేటకు కాలు తగిలితే లక్ష్మీదేవి అని కళ్ళకద్దుకోమంటారుగా, లక్ష్మిని గోడకెక్కిస్తే తప్పేంటత్తయ్యా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఉత్త చేట పెట్టకు, అలికి పెట్టు" అన్నారు. చేట అలకడం నాకు నేర్పింది ఆవిడే.

అలకడం ఎందుకంటే, వెదురు బద్దల మధ్య సందుల్లోంచి పిండీ నూకలూ కారిపోతాయి. ఆ సందులు పూడ్చడానికి మన పెద్దవాళ్ళు కనిపెట్టిన పూత ఇది. పాత కాగితాలు చించి నీళ్ళలో రెండు మూడు రోజులు నానేస్తారు. నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే వాసనొస్తుంది. కాగితం చేతితో నలిపితే నలిగిపోయేలా అయ్యాక గట్టిగా పిండి, రోట్లో రుబ్బాలి. నేను మిక్సీలో వేస్తాను, కాకపోతే కొంచెం కొంచెంగా వెయ్యాలి, మిక్సీ మొరాయిస్తుంది. మెంతులు రాత్రి నానబెట్టి విడిగా వెన్నలా రుబ్బుకోవాలి. కిలో కాగితానికి నేను వంద గ్రాముల మెంతులు వేస్తాను. అత్తయ్య చేతి కొలత ఇంకాస్త ఎక్కువే. మెంతుల్లో ఉండే జిగురు కాగితాన్ని పట్టుకుంటుంది, ఆ చేదుకు పురుగు దగ్గరకు రాదని పెద్దవాళ్ళు అంటారు. రెండూ కలిపి చపాతీ పిండిలా పిసికి చేటకు ముందు లోపలి వైపు, అది ఆరాక వెలుపలి వైపు పలచగా మెత్తాలి. తడి చేత్తో నునుపు చెయ్యాలి. మందంగా మెత్తితే పగుళ్ళొస్తాయి.

ఈ ముద్ద మిగిలితే పారెయ్యకండి. ఒక గిన్నె బోర్లించి, దాని మీద తడిగుడ్డ కప్పి, ముద్దను అరంగుళం కంటే తక్కువ మందంలో అద్ది ఎండబెడితే మూడు నాలుగు రోజుల్లో గిన్నె ఊడివస్తుంది, కాగితపు బుట్ట మీకు మిగులుతుంది. మా చిన్నప్పుడు ఇలాంటి బుట్టల్లోనే ఎండు మిరపకాయలు, చింతపండు ఉండేవి. ఒక్క జాగ్రత్త. న్యూస్ పేపర్ సిరా తినే వస్తువులకు మంచిది కాదు. పేపర్లలో తినుబండారాలు చుట్టవద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016 లోనే హెచ్చరించింది. అందుకని పేపరుతో చేసిన బుట్టను గాజులకూ, దారపు ఉండలకూ, ఉత్తరాలకూ వాడుకోండి. వంటింట్లోకి మాత్రం వద్దు.

రంగుల ముచ్చట

ఆరిన చేట బూడిద రంగులో ఉంటుంది, చూడటానికి ఏమంత బాగుండదు. అక్కడే మన పని మొదలవుతుంది. ముందు తెల్లటి పూత కావాలి. చేర్యాల నకాషీ చిత్రకారులు బొమ్మలేసే గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద కలిపి పూస్తారు. అదే పద్ధతి మనకూ పనికొస్తుంది. చింతగింజలు వేయించి, పై పొట్టు కొట్టేసి, నానబెట్టి రుబ్బి, నీళ్ళలో ఉడికిస్తే చిక్కటి జిగురు తయారవుతుంది. అందులో సుద్దపొడి కలిపి రెండు పూతలు వెయ్యండి. అంత ఓపిక లేదంటారా? ఫెవికాల్‌లో చాక్‌పొడి కలుపుకోండి, నేనేమీ అనను.

ఆ తెలుపు మీద జాజు పూస్తే చూడాలి! మన పల్లెల్లో గోడ అడుగున పూసే ఎర్రటి జాజు, దాని మీద సున్నంతో ముగ్గు. ఆ రెండు రంగులకు మించిన జత నాకింతవరకూ దొరకలేదు. పిల్లలు మాత్రం నీలం, ఆకుపచ్చ కావాలంటారు. ఫ్యాబ్రిక్ పెయింట్లు, పోస్టర్ కలర్లు చాలు. ఇంట్లో పాత ఎనామిల్ డబ్బా ఉంది కదా అని తీయకండి. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదనే నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొన్న డబ్బాలో ఎంతుందో ఎవరు చెప్పగలరు?

బొమ్మ ఏదేయాలని అడుగుతారు చాలామంది. చుక్కల ముగ్గు రానివాళ్ళున్నారా మనలో? చేట కొన సన్నగా, వెనక వెడల్పుగా ఉంటుంది కాబట్టి గుండ్రటి ముగ్గు ఇమడదు. తామర రేకులు, నెమలి, చిలక, తీగ ముగ్గు బాగా నప్పుతాయి. సిబ్బికైతే గుండ్రటి ముగ్గే అందం. అన్నం వార్చుకునే ఆ సిబ్బినే బతుకమ్మను పేర్చడానికీ వాడతారు కదా, అంచుకు పసుపూ కుంకుమ రంగులు వేసి పెట్టుకుంటే పండగ తొమ్మిది రోజులూ బతుకమ్మకు, మిగతా ఏడాదంతా గోడకు. గునుగు పూలకు రంగులద్దగా మిగిలిన నీళ్ళలో ఈతాకు పాయలు ముంచి చూడండి. ఆకుపచ్చ, గులాబీ రంగు పాయలు జడలా అల్లితే గుమ్మానికి తోరణం. మామిడాకులు లేని రోజుల్లో కూడా గుమ్మం బోసిగా ఉండదు.

జల్లెడను బోర్లించి లోపల బల్బు పెడితే గోడంతా చుక్కల వెలుగు పడుతుంది. మా అమ్మాయి దాని కిందే కూర్చుని చదువుకుంటుంది. మామూలు బల్బు వేడికి వెదురు మాడుతుంది, ఎల్‌ఈడీ బల్బే పెట్టండి.

సంతలో మేదరామె

ఇంతవరకూ చెప్పింది మనవైపు మాట. అటువైపు మాట కూడా ఒకటుంది.

నేను చేటలు కొనే మేదరామెకు అరవై దాటాయి. సంతరోజు ఒక మూల గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. కిందటేడు పది చేటలు కావాలన్నప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లా అమ్మా?" అంది. గోడకు పెట్టుకుంటామంటే నమ్మలేదు. "చెరగనీకి అక్కెర్లేదా? మరి గింత బిర్రుగ ఎందుకల్లాలి?" అని నవ్వింది. నవ్వుతూనే చేటను తిప్పి నా చేతికిచ్చి, "వంచి చూడు" అంది. నా బలమంతా పెట్టినా అంచు కదల్లేదు. గోడకు పెట్టుకునేదైనా సరే, వదులుగా అల్లడం ఆమెకు చేతకాదు.

చేట చెయ్యడమంటే అల్లిక ఒక్కటే కాదు. లేత వెదురైతే ఎండాక ముడుచుకుపోతుంది, బాగా ముదిరితే బద్ద విరిగిపోతుంది. దాన్ని చూసి ఎంచాలి, చీల్చాలి, పైపొర, లోపొర వేరుచెయ్యాలి. పచ్చటి పైపొర గట్టిది, అంచులకు, కట్లకు వాడతారు. లోపొరలో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు వచ్చేది దానికోసమే. బద్దల్ని నీళ్ళలో నానేస్తే ఆ పిండి కొంత పోతుంది. పూర్వం వంటింట్లో కట్టెల పొయ్యి పొగ తగిలి చేటలు ఏళ్ళ తరబడి నిలిచేవి. గ్యాసు పొయ్యి వచ్చాక పొగ లేదు, అందుకే ఇప్పటి చేట కింద తెల్లటి పొడి రాలుతుంది. అది మేదరామె తప్పు కాదు. కొన్న చేటను అలికేముందు రెండు రోజులు ఎర్రటి ఎండలో పెట్టండి.

వెదురు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. "అడివి కెల్లి రావాలె, వచ్చినప్పుడే పని" అంది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి. కానీ 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల కింద లెక్కకట్టింది. నరకాలన్నా, బండి మీద తేవాలన్నా అనుమతులు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి అడవిలో ఉండేవాళ్ళకు హక్కునిచ్చింది. 2017 లో పాత చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు. అంటే పొలం గట్టున వెదురు వేసుకుని కొట్టుకోవచ్చన్నమాట. ఈ మాట చెబితే ఆమె, "పొలమున్నోళ్ళకు మంచిదే" అని ఊరుకుంది. మేదరివాళ్ళలో ఎందరికి పొలం గట్టుంది?

కాగితానికి కూడా చాలాకాలం వెదురే ముడిసరుకు. భద్రాచలం పక్కనే సారపాకలో కాగితపు మిల్లు 1979 లో పని మొదలుపెట్టింది. వెదురు కాగితమై, ఆ కాగితం నాని ముద్దయి మళ్ళీ వెదురు చేట మీదికే చేరడం తమాషాగా లేదూ!

అసలు కష్టం ధర దగ్గర వచ్చింది. బద్దలు చీల్చడం దగ్గర్నుంచి లెక్కేస్తే ఆమెకు రోజుకు రెండు చేటలు మించి కావు. ఆమె కోడలు మిరపకాయలు ఏరడానికి వెళ్తే అంతకంటే ఎక్కువ కూలి చేతికొస్తుంది. "కోడలు కత్తి పట్టుకోదమ్మా, నా తోనే పోతది ఇది" అంది, బాధగా కూడా కాదు, వానొచ్చేట్టుంది అన్నట్టుగా. సరిగ్గా అప్పుడే నా పక్కనున్నావిడ, "ఇరవై తగ్గించు, పది తీసుకుంటున్నాంగా" అంటోంది. ఆవిడ ఆ ఉదయమే ప్లాస్టిక్ పూలసజ్జకు అడిగినంతా ఇచ్చి వచ్చింది, నేను చూశాను. ప్లాస్టిక్ మీద ధర అచ్చేసి ఉంటుంది కాబట్టి నోరెత్తం. మనిషి చేసిన వస్తువు మీద ధర అచ్చేసి ఉండదు, అందుకని బేరం. ఇది నాకెప్పటికీ మింగుడుపడదు. ఆ పది చేటలకూ అడిగినంతే ఇచ్చాను. పక్కావిడ నా వైపు కోపంగా చూసింది, చూడనివ్వండి.

తర్వాత మా వీధిలో మరో ఏడిళ్ళవాళ్ళు చేటలు అడిగారు. ఒక పెళ్ళివాళ్ళు పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే గంపకూ, వాయనం చేటలకూ రంగులు వేయించుకున్నారు. అందుకు ఊళ్ళోని ఇద్దరు ఆడపిల్లలకు డబ్బు ముట్టింది. ఇలాంటి గంపలే ఖమ్మంలో అలంకరణ కాంట్రాక్టువాళ్ళు అద్దెకిస్తున్నారని విన్నాను. కొన్నవాళ్ళకు మన మేదరామె ఇచ్చిన ధరే తక్కువైంది, గంప కూడా వాళ్ళకే మిగిలింది. కోడలు ఇప్పటికైతే కత్తి పట్టలేదు. మిరప కోతలు అయిపోయిన వేసవిలో బద్దలు నానేసి ఇస్తోందట, ఆమాత్రం కబురే ఉంది నా దగ్గర.

శ్రావణంలో నోములకు చేటలు కావాలనుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పుకోండి. మేదరామెకు నెలరోజుల గడువివ్వాలి, సగం డబ్బు ముందే ఇస్తే వెదురు తెచ్చుకోగలుగుతుంది. పైగా వానలు పట్టాక మెంతి పూత ఆరదు, బూజు పడుతుంది. జ్యేష్ఠం ఎండలు ఉండగానే రెండువైపులా అలికి పెట్టుకుంటే, రంగులు తీరిగ్గా వానాకాలం మధ్యాహ్నాల్లో వేసుకోవచ్చు.