ఇంటి బంగారాన్ని కాపాడుకొనే తీరు

పడమటి కనుమల పాదాన, విరుదునగర్ జిల్లాలో ఉన్న రాజపాళయంలో, విజయనగర కాలాన తెలుగునేల నుండి తరలివచ్చిన రాజుల కుటుంబాలు నేటికీ ఇంట తెలుగే పలుకుతున్నాయి. అక్కడైనా, మన సరిహద్దు పల్లెలలోనైనా ఆడపిల్లకు పెట్టిన నగ అలంకారం మాత్రమే కాదు. పంట పోయిన ఏట కుదువకు, పిల్లల చదువుకు, వైద్యానికి అక్కరకు వచ్చే ఆస్తి అది. అట్టి ఆస్తి దొంగల వలననే గాక మన అజాగ్రత్త వలన కూడా తరిగిపోతుంది.

దాచే విధానం

24 క్యారెట్ల మేలిమి బంగారం మెత్తనిది. కావున రాగి, వెండి వంటివి కలిపి 22 క్యారెట్ల నగలు చేస్తారు. నగపై కనిపించే 916 అంకెకు అర్థం, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని. అయినా నగలన్నీ ఒకే పెట్టెలో పోస్తే ఒరుసుకొని గీతలు పడతాయి. వజ్రం పక్కనున్న బంగారాన్నీ, ముత్యాన్నీ గీస్తుంది. ఒక్కొక్క నగను మెత్తని నూలుగుడ్డలో విడిగా చుట్టి ఉంచాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల తేమ ఎక్కువ. గాలిలోని గంధక వాయువులకు ఆ తేమ తోడైతే వెండి త్వరగా నల్లబడుతుంది. కనుక వెండిని గాలి చొరని సంచిలో పెట్టడం మేలు.

శుభ్రపరచే విధానం

రాళ్లు లేని బంగారు నగలను కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, మెత్తని కుంచెతో రుద్ది, మంచినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పళ్లపొడి, పళ్ల పేస్టు వాడరాదు. అవి బంగారాన్ని అరగదీస్తాయి. పాత కెంపు నగలలో రాళ్ల వెనుక లక్క నింపి ఉంటుంది. వేడినీటిలో నానితే లక్క వదులై రాయి ఊడిపోతుంది. వాటిని తడిగుడ్డతో తుడిస్తే చాలు. ముత్యాలకూ, పగడాలకూ పులుపు పడదు. చింతపండు, నిమ్మరసం తగలనీయరాదు. సెంటు, పౌడరు పూసుకొన్న తరువాతనే ముత్యాలు ధరించి, తీసిన వెంటనే చెమట తుడవాలి. పగిలిన థర్మామీటరులోని పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది. మంగళసూత్రపు గొలుసు కొక్కేలను, కమ్మల మరలను నెలకొకసారి చూచుకోవాలి.

మెరుగు పేరిట మోసం

నగలకు మెరుగు పెడతామని ఇంటి ముంగిటికి వచ్చే అపరిచితులను నమ్మరాదు. కొందరు మోసగాళ్లు వాడే ద్రవరాజం అనే ఆమ్లాల మిశ్రమం బంగారాన్నే కరిగిస్తుంది. నగ మెరుస్తూ తిరిగి వస్తుంది గాని బరువు తగ్గి ఉంటుంది. కరిగిన బంగారం వారి పాత్రలోనే మిగులుతుంది. తెలిసిన కంసాలి వద్దనే, ముందూ వెనుకా తూకం వేయించి మెరుగు పెట్టించుకోవాలి.

కాగితాలు, లాకరు

2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలను ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తుతోనే అమ్మవలసి ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ గుర్తును సరిచూడవచ్చు. ఈ గుర్తు లేని పాత నగలను ఇంట ఉంచుకొనడానికి అడ్డు లేదు. ప్రతి నగ ఛాయాచిత్రం, తూకం, బిల్లు ఒకచోట చేర్చి, ఒక నకలును నగలకు దూరంగా దాచాలి. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదుకు అదే ఆధారం.

బ్యాంకు లాకరుకూ పరిమితి ఉంది. 2022 జనవరి నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే ఆ మొత్తం 3 లక్షలు. పది సవరనుల, అనగా 80 గ్రాముల, బంగారం విలువ అంతకు మించుతుంది. కావున బీమా సంగతి విచారించాలి. లాకరుకు నామినీ పేరు వ్రాయించడం మరువరాదు. యజమాని హఠాత్తుగా మరణిస్తే, ఆ ఒక్క పేరు లేక కుటుంబం పత్రాల కోసం చాలాకాలం తిరగవలసి వస్తుంది.