ఘాట్ రోడ్డెక్కితే... ఈ-సైకిల్ మోటారు చల్లగా ఉంటుందా?

ఎలక్ట్రిక్ సైకిల్ కొనేటప్పుడు మనం అడిగేవి రెండే రెండు ప్రశ్నలు. ‘ఎంత స్పీడు పోతుంది? ఒక్క ఛార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా చదును రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఇవి సరిపోతాయి. కానీ ఫ్రెండ్స్‌తో కలిసి విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కాలనుకుంటే మాత్రం మూడో ప్రశ్న అడగాల్సిందే. ‘వేడి ఎటు పోతుంది?’

ఎక్కేటప్పుడు వేడి మోటారులో పుడుతుంది. దిగేటప్పుడు బ్రేకుల్లో పుడుతుంది. మొదటిది ముదిరితే మోటారు పోతుంది. రెండోది ముదిరితే మన ప్రాణం మీదికే వస్తుంది.

250 వాట్లు... ఎంతసేపు?

మన దేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు స్పీడు ఉన్న ఈ-సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామందికి తెలుసు. ఆ రూల్‌లో ఉన్న ఇంకో మాట మాత్రం ఎవరూ పట్టించుకోరు. అక్కడ చెప్పింది ‘30 నిమిషాల పవర్’ గురించి. అంటే మోటారు అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగే పవర్ అన్నమాట.

అదే మోటారు కాసేపు 400, 500 వాట్లు కూడా ఇవ్వగలదు. ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆ కాసేపు చాలు. గంటల తరబడి సాగే ఘాట్‌కి చాలదు. ఫోన్‌లో గేమ్ మొదలుపెట్టిన ఐదు నిమిషాలు స్మూత్‌గా ఆడి, వెనక కాలడం మొదలవగానే స్లో అయిపోతుంది కదా, ఇదీ అంతే. తేడా ఏంటంటే, ఫోన్ తనంతట తానే తగ్గుతుంది. చవక కిట్లలోని మోటార్లకి ఆ తెలివి ఉండదు.

వేడికి దారి లేదు

హబ్ మోటారు అంటే చక్రం మధ్యలోనే ఉండే మోటారు. ‘డైరెక్ట్ డ్రైవ్’ రకంలో రాగి తీగ చుట్టలు ఇరుసుకి బిగించి కదలకుండా ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాలున్న డబ్బా చక్రంతో పాటు తిరుగుతుంది. వేడి పుట్టేది లోపలి రాగి చుట్టల్లో. గాలి తగిలేది బయటి డబ్బాకి. రెండింటి మధ్యా సన్నని గాలి సందు. గాలి వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకే బయట చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నా లోపల సెగలు కక్కుతూ ఉండొచ్చు.

రెండో రకం ‘గేర్డ్’ హబ్. ఇందులో చిన్న మోటారు, చిన్న గేర్లు డబ్బా లోపల దాక్కుని ఉంటాయి. బరువు తక్కువ, ఎక్కుడులో లాగుడు బాగుంటుంది. కానీ వేడి బయటికి రావడం ఇంకా కష్టం. పైగా చాలా వాటిలో గేర్లు నైలాన్‌వి. వేడెక్కితే మెత్తబడి పళ్లు అరిగిపోతాయి.

మరీ వేడెక్కితే తీగ మీది ఇన్సులేషన్ పాడవుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలైతే 80 డిగ్రీలు దాటాక బలం తగ్గడం మొదలవుతుంది. అలా పోయిన బలం మోటారు చల్లబడినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

సగం తొక్కితే పావు వంతు వేడి

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా పనికొస్తుంది. రాగిలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నదే. మోటారు ఎంత బలంగా తిప్పాలో అంత కరెంటు కావాలి. బలం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. బలం సగమైతే వేడి పావు వంతే.

అంటే ఎక్కుడులో కావాల్సిన బలంలో సగం మీ కాళ్లు పంచుకుంటే, మోటారులో వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. ఏ కూలింగ్ కిట్టూ ఇంత లాభం ఇవ్వదు. పైసా ఖర్చు కూడా లేదు.

ఇంకో అపోహ. ‘ఎక్కుడులో నెమ్మదిగా పోతే మోటారుకి రెస్ట్’ అనుకుంటాం. పెడల్ తొక్కకుండా త్రాటల్ మీదే పాకితే అది రెస్ట్ కాదు. వాలు మారలేదు కాబట్టి కావాల్సిన బలం అంతే, సెకనుకి పుట్టే వేడీ అంతే. స్పీడు సగమైతే ఆ వేడి రెట్టింపు సేపు సాగుతుంది. కాబట్టి పెడల్ తొక్కండి, మధ్య మధ్యలో ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి.

చల్లబరిచే చిట్కాల్లో ఏది మంచిది?

కొందరు డబ్బాకి పక్కన రంధ్రాలు పెడతారు. వేడి తగ్గేమాట నిజమే, కానీ మన వానాకాలంలో నీళ్లూ బురదా లోపలికి పోయి తుప్పు పడుతుంది. కొందరు నూనె పోస్తారు. అది కారి డిస్క్ మీద పడిందంటే బ్రేకే పోతుంది.

వీటికంటే తెలివైనది ఫెర్రోఫ్లూయిడ్. అయస్కాంతానికి అతుక్కునే ద్రవం ఇది. బరువు తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని కావాల్సిన వైపు లాగడానికి 1963లో నాసా ఇంజినీర్ స్టీవ్ పాపెల్ కనిపెట్టారు. కెనడా వాంకోవర్‌లోని గ్రిన్ టెక్నాలజీస్ దీన్ని ‘స్టేటరేడ్’ పేరుతో హబ్ మోటార్ల కోసం అమ్ముతోంది. కొన్ని మిల్లీలీటర్లు పోస్తే చాలు, అయస్కాంతాలే దాన్ని ఆ గాలి సందులో పట్టుకుని ఉంచుతాయి. వేడికి వంతెన వేసినట్టు. డైరెక్ట్ డ్రైవ్‌కి మాత్రమే పనికొస్తుంది, గేర్డ్ మోటారులో పోయకూడదు.

అన్నిటికంటే ముందు కావాల్సింది మాత్రం మోటారు లోపల టెంపరేచర్ సెన్సర్, దాన్ని చూసి కరెంటు తగ్గించే కంట్రోలర్.

ఇక దిగుడు

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. సైకిలూ మనిషీ కలిపి 100 కిలోలనుకుంటే, తీరం నుంచి అంత ఎత్తుకి చేర్చడానికే దాదాపు 245 వాట్-అవర్ల శక్తి కావాలి. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మొత్తం 360. అంటే మూడింట రెండొంతులు ఎత్తుకే పోయాయి.

దిగేటప్పుడు అదంతా ఎక్కడో ఒక చోట వదలాలి. దాదాపు 3 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి అది. మంచి వాటా గాలీ టైర్లూ తీసుకుంటాయి. మిగతాది బ్రేకులదే. ఆపకుండా నొక్కి పట్టి దిగితే రిమ్ కాలి ట్యూబు పేలొచ్చు. డిస్క్ బ్రేకైతే కాలి పట్టు తప్పొచ్చు.

ఇక్కడే ‘రీజెన్’ పనికొస్తుంది. మోటారే జనరేటర్‌గా మారి చక్రాన్ని ఆపుతూ బ్యాటరీని నింపుతుంది. ఇది మామూలుగా డైరెక్ట్ డ్రైవ్‌లోనే కుదురుతుంది. గేర్డ్ హబ్‌లో చాలా వాటికి లోపల ఫ్రీవీల్ ఉంటుంది, దిగుడులో చక్రం తిరిగినా మోటారు తిరగదు. గేర్డ్ మోటారు చూపించి ‘రీజెన్ ఉంది’ అని ఎవరైనా అంటే ఎలాగో గట్టిగా అడగండి.

సిటీలో దీనివల్ల మైలేజీ పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు. 25 స్పీడులో ఉన్న సైకిల్‌ని పూర్తిగా ఆపితే దొరికేది ఒక వాట్-అవర్ కూడా కాదు. దాంతో వంద మీటర్లు కూడా పోలేం. రీజెన్ అసలు లాభం ఘాట్‌లో బ్రేకులు కాలకుండా కాపాడటమే.

ఫుల్ ఛార్జ్‌తో దిగితే?

అరకులో రాత్రి రూమ్‌లో ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే 100 శాతంతో రీజెన్‌ని నమ్ముకుని దిగడం మొదలుపెట్టారనుకోండి. నిండిన బ్యాటరీ ఇక కరెంటు తీసుకోలేదు. దాన్ని కాపాడటానికి ఉన్న సర్క్యూట్ టక్కున కట్ చేస్తుంది. అంతే, ఒక మలుపు ముందు రీజెన్ మాయం! కొండ మీద నుంచి దిగాల్సి ఉంటే 80, 85 శాతం దగ్గరే ఛార్జర్ తీసేయండి.

మోటారున్న చక్రానికే రీజెన్ పనిచేస్తుంది, స్పీడు బాగా తగ్గాక దాని పట్టూ తగ్గుతుంది. కాబట్టి ముందూ వెనకా మామూలు బ్రేకులు రెండూ కండిషన్‌లో ఉండాల్సిందే. వాటిని నొక్కి పట్టకుండా, నొక్కుతూ వదులుతూ దిగాలి.

కిట్ బిగించేవాళ్లకి ఇంకో మాట. మోటారు లాగేటప్పుడు ఇరుసు మీద ఒక వైపు బలం, రీజెన్‌లో దానికి ఎదురు వైపు బలం. అలా అటూ ఇటూ మెలిపడుతూ నట్లు లూజవుతాయి. ఇరుసు తిరగకుండా పట్టే ‘టార్క్ ఆర్మ్’ లేకపోతే చక్రమే ఊడొచ్చు.

షాపులో ఇవి అడగండి

• గేర్డా, డైరెక్ట్ డ్రైవా?
• మోటారు లోపల టెంపరేచర్ సెన్సర్ ఉందా? వేడెక్కితే కంట్రోలర్ పవర్ తగ్గిస్తుందా?
• బ్రేక్ లీవర్ నొక్కగానే మోటారు ఆగిపోతుందా? అక్కడే నొక్కి చూడండి.
• టార్క్ ఆర్మ్ ఇస్తున్నారా?
• రీజెన్ ఉంటే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఏం జరుగుతుంది?

ఆఖరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన షాపు దొరికితే, స్పీడూ మైలేజీ సంగతి అక్కడే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.