మత్తులో నేర్చింది... మెలకువలో గుర్తుంటుందా?

ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే చాలు... దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు వెళ్లే బస్సుల్లో కూడా పుస్తకాలు తెరుచుకుంటాయి. పరీక్షల భయంతో పిల్లలకు నిద్ర పట్టదు. వాళ్లను చూసి పెద్దలకూ పట్టదు. 'తాత వేసుకునే మాత్రలో సగం ముక్క ఇచ్చి చూడండి, కాస్త కుదురుగా చదువుకుంటాడు' అని ఏ అవ్వో సలహా ఇచ్చే ఇళ్లు లేకపోలేదు. పాపం, ఆమె ఉద్దేశం మంచిదే. కానీ ఆ సగం ముక్క చదువును ఏం చేస్తుందో అవ్వకన్నా ప్రయోగశాలలో ఎలుకకే బాగా తెలుసు!

పాలనీళ్లలో ఈత

రిచర్డ్ మోరిస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త స్కాట్లాండ్‌లో ఎలుకల జ్ఞాపకశక్తిని కొలవడానికి ఓ గుండ్రటి నీళ్లతొట్టి పరీక్షను తయారుచేశాడు. 1981లో దాన్ని లోకానికి చెప్పాడు. తొట్టిలోని నీళ్లలో పాలు కలిపి తెల్లగా చేస్తారు. ఒకచోట నీటిమట్టానికి కాస్త కింద, కంటికి కనబడకుండా ఓ చిన్న తిన్నె ఉంటుంది. ఎలుకకు ఈత బాగా వచ్చు, కానీ నీళ్లలో ఉండటం ఇష్టముండదు. ఎక్కడ కాలు ఆనుతుందా అని తిరుగుతుంది. మొదటిరోజు తిన్నె దొరకడం అదృష్టమే. నాలుగైదు రోజులయ్యేసరికి, తలుపు ఎటుంది, గోడమీద బొమ్మ ఎటుంది అని గుర్తుపెట్టుకుని నేరుగా అక్కడికే వెళ్లిపోతుంది.

ఇదే ఎలుకకు డైజీపామ్ ఇచ్చి నీళ్లలో వదిలితే? 1991లో వెలువడిన ఓ పరిశోధన ఈ సంగతే తేల్చింది. మందు తీసుకుని కొత్తగా నేర్చుకోబోయిన ఎలుకలు తిన్నె ఎక్కడుందో పట్టుకోలేకపోయాయి. ముందే నేర్చుకుని ఆ తర్వాత మందు తీసుకున్నవి మాత్రం దారి మరిచిపోలేదు! అంటే మందు పాత చదువును చెరపడం లేదు, కొత్త చదువును లోపలికి రానివ్వడం లేదు.

చుంచెలుకలతో మరో పరీక్ష ఉంది. చుంచుకు చీకటంటే ఇష్టం. వెలుతురు గదిలో వదిలితే పక్కనున్న చీకటి గదిలోకి దూరుతుంది. అక్కడ కాళ్లకు చిన్న షాక్ తగులుతుంది. మర్నాడు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కానీ షాక్‌కు ముందు డైజీపామ్ తీసుకున్న చుంచు, మర్నాడు ఏమీ జరగనట్టే మళ్లీ లోపలికి నడుస్తుంది.

కారణం మెదడులోనే ఉంది. అక్కడ గాబా అనే రసాయనం నరాల హడావుడికి కళ్లెం వేస్తుంది. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టగా 1960లో లిబ్రియం, 1963లో వేలియం పేర్లతో మార్కెట్‌లోకి వచ్చిన మందులు ఈ కళ్లేన్ని మరింత బిగిస్తాయి. అందుకే ఆందోళన తగ్గుతుంది, నిద్ర వస్తుంది. అయితే కొత్త జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్‌లోనూ కళ్లెం బిగుస్తుంది... చిక్కంతా అక్కడే.

రెండు లోకాలు

అన్నిటికన్నా విచిత్రమైనది 1964లో డొనాల్డ్ ఓవర్టన్ చెప్పిన సంగతి. ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో ఉన్న దారిలో ఎటు తిరగాలో ఎలుకలకు నేర్పాడు. కొన్నిటికి పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు ఇచ్చి నేర్పాడు. మత్తు దిగాక అవి నేర్చింది కాస్తా మాయం! మళ్లీ మందు ఇస్తే... దారి గుర్తొచ్చింది. మత్తులో ఒక లోకం, మెలకువలో మరో లోకం అన్నమాట. మాత్ర వేసుకుని రాత్రంతా చదివి, వేసుకోకుండా పరీక్ష హాల్లో కూర్చునే పిల్లాడి సంగతి కాస్త ఊహించండి. (ఎలుకకూ మనిషికీ తేడా ఉంది నిజమే. కానీ ఈ మాత్ర వేసుకున్నాక జరిగినవి సరిగా గుర్తుండకపోవడం మనుషుల్లోనూ డాక్టర్లు ఎరిగినదే.)

ఈ మందులు సీసాల్లోనే ఉండవు, కల్లు కుండల్లోనూ దొరుకుతాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మెదక్ వంటి జిల్లాల్లో ఎంతోమంది ఫిట్స్‌తో, వణుకుతో ఆసుపత్రుల పాలయ్యారు. డైజీపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడిన ఒళ్లు, అది ఒక్కసారిగా ఆగేసరికి ఎదురుతిరిగింది. డాక్టరు రాసి చాలాకాలంగా వాడుతున్న పెద్దలు కూడా ఇది చదివి రేపటినుంచే మానేయకూడదు. మెల్లగా ఎలా తగ్గించాలో ఆ డాక్టరే చెప్పాలి. 2014 నుంచి ఈ మాత్రలు హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ చూసి, అమ్మిన ప్రతిసారీ పుస్తకంలో పేరు రాసుకోవాలని మందుల షాపులకు నిబంధన.

మరి పసిబిడ్డకు ఆపరేషన్ అంటే?

తల్లులకు కలిగే మరో భయం ఇది. 2003లో వారం వయసున్న ఎలుకపిల్లలకు మూడు మత్తుమందులు కలిపి ఆరుగంటలపాటు ఇచ్చారు. మెదడులో ఎన్నో కణాలు చనిపోయాయి. పెద్దయ్యాక అవి నీళ్లతొట్టి పరీక్షలో వెనకబడ్డాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016 చివర్లో హెచ్చరిక చేసింది. మూడేళ్లలోపు పిల్లలకు మూడుగంటలు దాటినా, పదేపదే ఇచ్చినా జాగ్రత్త అని. అయితే ఎలుకపిల్ల మెదడు కొద్దిరోజుల్లోనే ఎదిగిపోతుంది. దాని ఆరుగంటలు మన బిడ్డ ఆరుగంటలు కావు. ఏడు దేశాల్లో హెర్నియా ఆపరేషన్ జరిగిన 722 మంది పసిపిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు గంటలోపు పూర్తి మత్తు, మరో గుంపుకు మెలకువగానే నడుము కింద తిమ్మిరి ఇంజక్షన్. ఐదేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెట్టారు. 2019లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపులకూ తేడా కనబడలేదు.