మూగ యంత్రమునకు మాట వచ్చిన విధము

కంప్యూటరు పుట్టుకతో మూగది. లెక్కలు చేయగలదు, వ్రాసినదానిని దాచగలదు. కాని పాడుమన్న పాడలేదు, దూరమున నున్న మఱియొక యంత్రముతో మాటాడుమన్న మాటాడలేదు. పాటకు సౌండుకార్డు కావలయును. దూరపు మాటకు మోడెము కావలయును. నేడు ధ్వని పరికరము యంత్రముతోనే అమరి వచ్చుచున్నది. 1990 తరువాతి పదేండ్లలో అట్లు కాదు. ఆ దినములలో ఇంట లైనక్సు పెట్టుకొన్నవారు ఈ రెండింటిని పలికించుటకు పడిన పాట్లు ఇన్నియన్ని కావు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు 1969లో యూనిక్సును ప్రారంభించిరి. దానిని పోలినదానిని ఇంటి కంప్యూటరుపై నడపవలెనని 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు వ్రాసినదే లైనక్సు. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. యూనిక్సు కుటుంబమున ఒక చక్కని పద్ధతి కలదు. ప్రతి పరికరమును ఒక ఫైలువలె కనబడును. ధ్వని సమాచారమును ‘డి.ఎస్.పి.’ అను ఫైలులోనికి పంపినచో పాట వినబడెడిది. వినుటకు ఇది సులభమే. కాని ఆ ఫైలునకు వెనుక నున్న కార్డు పలుకవలెను గదా!

ఒక సి.డి.లో సెకనునకు 44,100 చొప్పున ధ్వని కొలతలు ఉండును. వీనిని ఒక్కొక్కటిగా మోయుచు కూర్చున్నచో ప్రాసెసరునకు వేఱు పని సాగదు. అందుచే కార్డు ఆ కొలతలను మెమొరీ నుండి తానే నేరుగా తీసికొనును. ఒక భాగము ముగియగానే “తరువాతిది సిద్ధము చేయుము” అని ప్రాసెసరును పిలుచును. ఇందుకు మూడు సంఖ్యలు కావలయును: కార్డు ఉండు చిరునామా, పిలుపు తీగ సంఖ్య, మెమొరీ నుండి నేరుగా తెచ్చుకొను దారి సంఖ్య. సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టరు జాతి కార్డులకు సాధారణముగా చిరునామా 220, పిలుపు తీగ 5 లేదా 7, దారి 1. కార్డుపై నున్న సన్నని పిన్నులకు చిన్న ప్లాస్టికు తొడుగులు తగిలించి ఈ సంఖ్యలను నిర్ణయించెడివారు. అవే సంఖ్యలను లైనక్సునకును తెలుపవలెను. తొలిదినములలో వానిని చేర్చి కెర్నెలును మరల కంపైలు చేయవలసి వచ్చెడిది. పాత యంత్రములపై ఆ పనికి గంటలు పట్టెడిది.

చిక్కంతయు పిలుపు తీగలయందే కలదు. అవి 0 నుండి 15 వఱకు మాత్రమే. వానిలో పెక్కు ముందే ఇతరుల పాలైనవి. కచేరీలో ఇద్దఱు అధికారులు ఒకే గంటను మ్రోగించినచో, ఏ గదికి పోవలెనో బంట్రోతునకు తెలియునా? 7వ తీగ తఱచుగా ప్రింటరుది. సంఖ్య తప్పినచో పాటలోని తొలి తునక మాత్రమే వినబడి ఆగిపోయెడిది, లేదా అదే తునక మరల మరల మ్రోగెడిది. సంఖ్యలన్నియు కుదిరినను వేఱొక వింత కలదు. యంత్రాధికారికి పాట వినబడును, ఇంటిలోని తక్కినవారికి వినబడదు! ధ్వని ఫైలును తాకుటకు వారికి అనుమతి లేకుండుటయే దానికి కారణము.

మోడెము కథ వేఱు. టెలిఫోను తీగ మనుష్యుల గొంతుకై ఏర్పడినది. సెకనునకు సుమారు 300 నుండి 3,400 కంపనముల వఱకు గల ధ్వనులనే మోయును. అంకెలను ఆ ధ్వనులుగా మార్చి పంపుట, వచ్చిన ధ్వనులను మరల అంకెలుగా మార్చుట మోడెము పని. 1981లో హేస్ అను సంస్థ ఏర్పఱచిన ఆజ్ఞలే లోకమంతట నిలిచినవి. ‘ఏ.టి.’ అని వ్రాసినచో మోడెము ‘ఓకే’ అని బదులిచ్చును. ఆ రెండక్షరములు తెరపై కనబడినచో సగము పని అయినట్లే. ఇచటను తీగల తగవు తప్పదు. మొదటి సీరియలు ద్వారమునకు, మూడవదానికి 4వ తీగయే ఉమ్మడి. అందుచే మొదటిదానికి మౌసును, మూడవదానికి మోడెమును తగిలించినచో రెండును చెడెడివి.

పిమ్మట చౌక మోడెములు వచ్చినవి. వానిలో ధ్వనిని అంకెగా మార్చు పని కార్డుపై జరుగదు. విండోసునకై వ్రాసిన సాఫ్టువేరు చేయును. వాని లోపలి వివరములను చాలమంది తయారీదారులు వెల్లడింపకుండుటచే లైనక్సులో అవి ఉత్త రేకు ముక్కలు. కొన్నింటికి మాత్రమే డ్రైవరులు లభించినవి. ఆ డ్రైవరును తెచ్చుకొనుటకు నెట్టు కావలయును. నెట్టునకు మోడెము కావలయును. పెండ్లి అయినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అన్నట్లుండెడిది. స్నేహితుని యంత్రమునుండి ఫ్లాపీపై తెచ్చుకొనుటయే ఉపాయము. అందుచే ఎఱిగినవారు వెల ఎక్కువైనను, వెలుపల తగిలించు మోడెమునే కొనెడివారు.

తరువాత వచ్చిన పి.సి.ఐ. కార్డులు తమ వివరములను తామే చెప్పుకొనినవి. ఒకే తీగను ఇద్దఱు పంచుకొనినను వానికి చిక్కులేదు. జారొస్లావ్ కీసెల 1998లో మొదలుపెట్టిన ఆల్సా అను ధ్వని వ్యవస్థ 2003లో వెలువడిన 2.6 కెర్నెలులో భాగమై నిలిచినది. పిలుపు తీగల లెక్క మాత్రము మాయమై పోలేదు. లైనక్సు గల యంత్రమున ‘ప్రోక్’ డైరెక్టరీలోని ‘ఇంటరప్ట్స్’ ఫైలును తెఱచినచో, ఏ పరికరము ఏ సంఖ్యపై ఎన్నిమార్లు ప్రాసెసరును పిలిచినదో నేటికిని చూడవచ్చును.